పాత స్పోర్ట్సుకార్లకు వెల యేల నిలుచును?



గడచిన సంక్రాంతి దినములలో మా గ్రామపు పెద్దరైతు ఒకాయన మా యింటి అరుగు మీద కూర్చుండి నన్నొక ప్రశ్న అడిగినారు. ఆయన కుమారుడు నా శిష్యుడు. చాల సంవత్సరములుగా అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. వాడు 1996లో తయారైన పోర్షే బండి నొకదానిని కొన్నాడట. దానికి పెట్టిన సొమ్ము, అదే కంపెనీవారు దాని తరువాత చేసిన బండికి పెట్టవలసిన సొమ్మునకు రెండింతల పైచిలుకట. అంతటితో ఊరకుండక, అట్టిదే మరియొకటి అమ్మకమునకు వచ్చినదనియు, కాలువ క్రింది రెండెకరములు అమ్మి పంపినచో అయిదేండ్లలో మంచి లాభముతో తిరిగి ఇత్తుననియు తండ్రికి ఫోనులో చెప్పినాడు.

"పంతులుగారూ, పాతబండికి కొత్తబండి కంటె ఎక్కువ పెట్టేవాడు ఎక్కడైనా ఉంటాడా? మావాణ్ణి ఎవరో ముంచారా? పొలం అమ్మడం నాకిష్టం లేదు. వద్దందామంటే ఎందుకు వద్దో చెప్పడం రావటంలేదు" అని ఆయన అడిగినారు.

నేను కొంత వ్యాకరణమును, కొంత తర్కమును చదువుకొన్నవాడనే గాని మోటారుబండ్ల మర్మము లెరిగినవాడను కాను. అయినను అడిగినవారిని తెలియదని పంపివేయుట నలువదేండ్ల ఉపాధ్యాయవృత్తికి తగదని తోచి, నాలుగు మాసములు ఈ విషయమున కృషి చేసితిని. తెలిసినంతవరకు ఇప్పుడు విన్నవించెదను.

ముందుగా స్పోర్ట్సుకారు అననేమో చెప్పవలయును. మన యూళ్లలో తిరుగు కారు మనుష్యులను, మూటలను ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చుటకు పుట్టినది. స్పోర్ట్సుకారు నడుపువాని సంతోషమునకై పుట్టినది. సాధారణముగా ఇద్దరికి మాత్రమే సుఖముగా చోటుండును, సామానునకు తావు తక్కువ, బండి నేలకు దగ్గరగా ఉండును, మలుపులలో మాట వినును, పరుగెక్కువ. దుక్కిటెద్దునకును, బండలాగుడు పందెమునకు పెంచిన గిత్తకును గల భేదము వంటిదే ఇదియును. పందెపు గిత్తను కొనువాడు అది ఎన్ని ఎకరములు దున్నునని అడుగడు గదా.

ఇక వెల సంగతి. ఏ బండియైనను కొన్న మరునాడు అమ్మబోయినచో కొన్న వెల రాదు. ఒక్కరోజులో ఇనుము తుప్పు పట్టినదా? లేదు. "నిన్న కొన్నవాడు నేడేల అమ్ముచున్నాడు, ఏ లోపమున్నదో" అను శంక ఒకటి. కొత్తదానికి కంపెనీవా రిచ్చు పూచీ రోజురోజునకు కరగిపోవుట మరియొకటి. పై సంవత్సరము ఇంతకంటె మెరుగైనది వచ్చుననుట వేరొకటి. ఈ విధముగా వెల పది పదునైదేండ్లు దిగును. దిగి దిగి ఒకచోట నిలుచును. నూటికి తొంబది బండ్లు అక్కడినుండి పాతయినుము కొట్టునకు పోవును. ఏ కొన్నియో మాత్రము మరల పైకెక్కును. రెండు చెట్లకు కట్టిన వదులుతాడు నడుమ వ్రేలాడునట్లు వాని వెల దిగి, మరల లేచును. ఆ కొన్నిటికి ఈ భాగ్యమేల కలిగినదన్నదే మన ప్రశ్న.

పాతదనమే కారణమని కొందరందురు. తార్కికుడు దీనిని ఒప్పుకొనడు. పాతదనమే హేతువైనచో పాతవన్నిటికిని వెల యుండవలయును. అట్లు లేదు గనుక ఇది వ్యభిచార దోషము. నేనీ మాట చెప్పుచుండగానే మా పెద్దమనిషి తన గడ్డివామి ప్రక్కనున్న అంబాసిడరు కారు వైపు ఆశగా చూచినారు. ఆ బండి చేయుట 2014లోనే ఆగిపోయినది గదా యని ఆయన ఊహ. కాని అర్ధశతాబ్దికి పైగా విరివిగా తయారై దేశమంతట తిరిగిన బండి అది. అభిమానమెంత యున్నను, గడ్డివామి ప్రక్క కోళ్లు గ్రుడ్లు పెట్టు స్థితిలోనున్న దానికి నిధుల వెల రాదని మెల్లగా చెప్పవలసివచ్చినది.

వేగమే కారణమని మరికొందరందురు. అదియును నిలువదు. నా శిష్యుడు కొన్న 1996 నాటి బండి కదలకయున్న స్థితినుండి గంటకు 100 కిలోమీటర్ల పరుగందుకొనుటకు సుమారు అయిదున్నర సెకనులు పట్టును. నేటి విద్యుత్ బండ్లలో కొన్ని, పిల్లలను బడికి దింపివచ్చు నాలుగు తలుపుల బండ్లు, నాలుగు సెకనులకు లోపలనే ఆ పని చేయుచున్నవి. వేగము నేడు చౌకయైనది. చౌకయైనదానికై ఎవరును ఎక్కువ వెల ఇయ్యరు. కావున వెల నిలుచుటకు మూలము వేరొకచోట వెదకవలయును.

ఆ బండి కథయే చెప్పెదను. దానిలో సంగతి చాలవరకు ఇమిడియున్నది.

జర్మనీ దేశమున స్టుట్‌గార్టు నగరమున పోర్షే కంపెనీ కలదు. 1963లో ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనమున వారు 901 అను పేరుతో ఒక బండిని చూపిరి. నడుమ సున్న గల మూడంకెల పేర్లపై తమకు హక్కు కలదని ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీవారు ఆక్షేపింపగా, సున్న తీసి ఒకటి వేసి 911 అనిరి. ఆ పేరే నేటికిని సాగుచున్నది. ఆ బండి యంత్రము ముందర ఉండదు. వెనుక చక్రముల ఇరుసునకు ఆవల నుండును. ఎడ్లబండిలో బస్తాలన్నియు వెనుకకు సర్దినచో కాడి పైకి లేచునని మీకు నేను చెప్పనక్కరలేదు. అట్టి చిక్కు దీనికిని కలదు. మలుపులో తొందరపడి కాలు తీసినవానిని తోక త్రిప్పి పడవేయునను అపకీర్తి మొదటి దినములలో దీనికుండెను. కంపెనీవారు ముప్పదేండ్లకు పైగా చిన్న చిన్న సవరణలు చేసి, యంత్రమును ముందుకు మార్చకయే, ఆ గుణమును లొంగదీసిరి. దుడుకు గిత్తను దారికి తెచ్చుకొన్న రైతునకు దాని మీద ఎంత ప్రేమయో, నడిపిన వారికి ఈ బండి మీద అంత ప్రేమ.

రెండవ విశేషము దాని యంత్రము చల్లబడు రీతి. మన పొలములలోని ఆయిలింజనులో సిలిండరు చుట్టును నీరు తిరిగి వేడిని కొనిపోవును. మోటారుసైకిలులో అనేకములకు నీరు లేదు. సిలిండరు మీది రెక్కలకు గాలి తగిలి వేడి పోవును. 911 యంత్రమునకు ఆరు సిలిండర్లు, ఒక్కొక్క ప్రక్క మూడు చొప్పున ఎదురెదురుగా పరుండియుండును. వాని మీద ఒక పెద్ద పంకా గాలి విసరుచుండును. యంత్రములో తిరుగు నూనెయు వేడిలో కొంత మోయును. ఈ ఏర్పాటు వలన ఆ బండికి ఒక ప్రత్యేకమైన ధ్వని కలదు. ఒకసారి విన్నవారు దానిని మరువరందురు. నేను ఫోనులో మాత్రమే వింటిని. కుట్టుమిషను చప్పుడునకును పులి గుర్రునకును నడుమ ఎక్కడనో ఉన్నట్లు నాకు తోచినది.

ఈ గాలి యంత్రము 1964 మొదలు 1998 వరకు సాగినది. దానిలో కడపటి వంశమును కంపెనీవారు 993 అను సంకేతముతో పిలిచిరి. మా శిష్యుని బండి అదియే. తరువాత వచ్చినదాని సంకేతము 996. దీనికి నీటితో చల్లబడు యంత్రము పెట్టిరి. ఏల మార్చిరనగా, పొగను, చప్పుడును తగ్గింపవలెనని ప్రభుత్వములు విధించిన నియమములు ఏటేట బిగిసినవి. ఒక్కొక్క సిలిండరునకు నాలుగేసి కవాటములు పెట్టినగాని కావలసిన బలము స్వచ్ఛముగా రాదు. అట్టి దట్టమైన శిరోభాగమును గాలితో చల్లార్చుట కష్టము. మరియొక సంగతి యేమనగా, 1990 తరువాత ఆ కంపెనీ ధనమునకు కటకటలాడినది. జపాను దేశపు నిపుణులను రప్పించి, తక్కువ ఖర్చుతో బండ్లు చేయు పద్ధతి నేర్చుకొనవలసివచ్చినది. ఆ పొదుపులో భాగముగా 996 ముందరి భాగమును, తక్కువ వెలగల బాక్‌స్టర్ అను మరియొక బండి ముందరి భాగమును ఇంచుమించు ఒక్కటిగా చేసిరి. ఎక్కువ వెల పెట్టినవానికి తన బండి దూరమునుండి చౌకబండి వలె కనబడుట సహింపరాని విషయము. దాని దీపముల ఆకారమును పెనము మీద పగులగొట్టిన కోడిగ్రుడ్డుతో పోల్చి పరిహసించిరి. నేను శాకాహారిని గనుక ఆ ఉపమానపు ఔచిత్యమును నిర్ణయింపజాలను.

న్యాయముగా చెప్పవలెనన్నచో కొత్తది తక్కువ బండి కాదు. పాతదానికి 285 గుఱ్ఱముల బలము, కొత్తదానికి 300. పాతది గంటకు 275 కిలోమీటర్లు పోగా, కొత్తది 280 పోవును. బాగుగా అమ్ముడుపోయి కంపెనీని నిలబెట్టినది కూడ కొత్తదియే. 993 సుమారు 68 వేల బండ్లు కాగా, 996 సుమారు లక్షా 75 వేలు చేసిరి. అయినను నేటి బజారులో ఒకే విధమైన స్థితిలోనున్న రెంటిని నిలిపినచో, పాతదానికి ఎంతో ఎక్కువ ఇత్తురు.

ఇందులకు పుకారు కాని కారణ మొకటి కలదు. 996 సాధారణ యంత్రములో నడిమి ఇరుసు నొకదానిని మోయు బేరింగు కొన్ని బండ్లలో అరిగి విరిగెను. అన్నిటికి ఆ ముప్పు రాలేదు. వచ్చినదానికి మాత్రము యంత్రమంతయు పాడై, దాని మరమ్మతు బండి వెలనే మ్రింగెను. పదిమందిలో ఒకనికి వచ్చిన కష్టము పదిమంది బండ్ల వెలను దింపును. ఈ సంగతికి ప్రతిసాక్ష్యము కూడ కలదు. ఆ 996 వంశములోనే టర్బో అనియు, జీటీ3 అనియు పిలువబడు మేలిరకములకు వేరు యంత్రము పెట్టిరి. అది మొదటి 911 యంత్రమును రూపొందించిన హాన్స్ మెజ్గర్ అను యంత్రశిల్పి సంప్రదాయమునుండి, పందెపు బండ్లనుండి వచ్చినది. దానికీ బేరింగు చిక్కు లేదు. ఆ రకముల వెల తోడి బండ్ల వలె జారిపోలేదు. అదే కాలము, అదే పేరు, అదే గ్రుడ్డు వంటి దీపము. వెల మాత్రము వేరు. కొనువారు సంకేతమును గాక యంత్రమును చూచి సొమ్మిచ్చుచున్నారని దీనివలన తెలియుచున్నది.

తర్కశాస్త్రమున అన్వయవ్యతిరేకము లను పద్ధతి కలదు. ఏది యున్నచో కార్యముండునో, ఏది లేనిచో కార్యము లేకపోవునో అదియే కారణము. దీనికి చక్కని ఉదాహరణము ఇటలీ దేశపు ఫెరారీ బండ్లలో దొరికినది. 2006 మొదలు ఆరేండ్లు వారు 599 అను బండిని చేసిరి. దాదాపు అన్నిటికిని గేరు మార్చుపని యంత్రమే చేయును. నడుపువాడు చక్రము వెనుకనున్న రేకును వ్రేలితో లాగిన చాలును. సుమారు ముప్పది బండ్లకు మాత్రము పాతపద్ధతిని చేతికఱ్ఱ, క్లచ్చి పెట్టిరి. తక్కినదంతయు ఒక్కటే. ఈ ముప్పదింటికి నేడు తక్కినవాని కంటె రెండింతలకు పైగా వెల పలుకుచున్నది. విచిత్రమేమనగా, వ్రేలితో మార్చునదియే ఎక్కువ వేగముగా గేరు మార్చును! మనిషి చేయగల పనిని యంత్రము మరింత బాగుగా చేసినప్పుడు, ఆ పనికి వెల తగ్గి, ఆ పని చేయు సుఖమునకు వెల పెరిగినది. కవ్వముతో చిలికిన వెన్న వంటి దిదియును. కాని ఆ పోలికను పొడిగింపను.

కొత్తబండ్లకు వెల జారుటకు మరియొక హేతువు వాని లోపలి ఎలక్ట్రానిక్ సామగ్రి. పాతబండిలో విరిగినదానిని నిపుణుడైన పనివాడు చూచి, కొలిచి, మరల చేయగలడు. కొత్తబండిలో చిన్న పెట్టె యొకటి చెడినచో, దానిని చేసిన కంపెనీ ఆ పెట్టెను చేయుట మానినచో, ఏ కమ్మరియు దానిని సాగగొట్టజాలడు. విద్యుత్ బండ్ల సంగతి మరియు వేరు. బ్యాటరీలు ఏటేట మెరుగగుచున్నవి గనుక నిరుటిది నేడు చిన్నబోవును. పోర్షేవారి విద్యుత్ బండి టైకాన్ వెల మొదటి కొద్ది యేండ్లలోనే బాగుగా పడిపోయినది. దానిని చేసినవారును వీరే, అంతే శ్రద్ధతో చేసినారు.

అరుదుతనమును గూర్చి అందరును చెప్పుదురు గనుక నేను క్లుప్తముగా చెప్పెదను. ఫెరారీవారు 1962 మొదలు 1964 వరకు 250 జీటీఓ అను పందెపుబండిని 36 మాత్రమే చేసిరి. అమెరికాలో నాటి వెల సుమారు 18,000 డాలర్లు. పందెములు ముగిసిన పిదప అవి ఇతర పాతబండ్ల వలెనే చూడబడినవి. వానిలో ఒకదానిని దాని స్వంతదారు టెక్సాసు రాష్ట్రమున ఒక ఉన్నత పాఠశాలకు దానమిచ్చెను. పిల్లలు మెకానిక్కు పని నేర్చుకొనుటకు దానిని వాడిరి. పిదప పాఠశాలవారు దానిని కొలది వేల డాలర్లకు అమ్మివేసిరి. 2018లో అట్టి బండి యొకటి వేలములో 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికినది. పాఠశాలల ఆస్తుల జాబితా వ్రాసి వ్రాసి వ్రేళ్లు అరిగినవాడను నేను. ఆ జాబితాలో ఈ బండికి ఎదురుగా ఏమి వ్రాసియుందురో అని రెండు రాత్రులు ఆలోచించితిని.

అన్నిటిని మించినది 1955లో మెర్సిడిస్ బెంజ్‌వారు రెండే రెండు చేసిన 300 ఎస్‌ఎల్‌ఆర్ కూపే. వానిలో ఒకటి 2022లో 13 కోట్ల 50 లక్షల యూరోలకు అమ్ముడుపోయినది. ఇవి రాజుల కథలు. మన లెక్కకు రావు. అరుదుతనము చాలదనుటకు ఒక్క మాట. ఎవరును కొనకపోవుటచే తక్కువగా తయారై, నేటికిని ఎవరును కోరని బండ్లు లోకమున అనేకములు కలవు. అరుదుతనమునకు తోడు కోరిక యుండవలయును.

ఆ కోరిక ఎక్కడినుండి వచ్చును? ఇది నన్ను చాల ఆలోచింపజేసిన భాగము. పదునాలుగేండ్ల వయస్సున గోడమీద బొమ్మగా అతికించుకొన్న బండిని మనుష్యుడు నలుబది యయిదేండ్లకు, చేతికి సొమ్ము వచ్చినప్పుడు కొనును. కావున ఏ బండి వెల ఎప్పుడు లేచునో చెప్పుటకు, దానిని చూచి మురిసిన పిల్లలు ఎప్పుడు మధ్యవయస్కు లగుదురో లెక్కించిన చాలును. జపాను దేశపు టొయోటా సూప్రా బండి నారింజరంగు వేసికొని 2001లో ఒక అమెరికా సినిమాలో కనబడినది. చూచినవారు నాడు కుఱ్ఱవాండ్రు. ఆ సినిమాబండి 2021లో వేలములో 5 లక్షల 50 వేల డాలర్లు పలికినది. అమెరికాలో ఒక చట్టము కూడ దీనికి తోడైనది. అచ్చటి రక్షణ నియమముల ప్రకారము తయారు కాని విదేశపు బండి, పుట్టి 25 ఏండ్లు నిండినగాని, ఆ నియమముల నుండి మినహాయింపు పొంది దేశమున అడుగుపెట్టజాలదు. నిస్సాన్‌వారు 1999 మొదలు 2002 వరకు చేసిన స్కైలైన్ జీటీ-ఆర్ అట్టిది. 25 ఏండ్ల గడువు దగ్గరపడుకొలదిని దాని వెల జపానులోనే పెరుగుచు వచ్చినది. వాకిట వేచియున్న పెండ్లివారి సంఖ్య చూచి లోపల కట్నము మాట మారినట్లు.

ఇచట మన పెద్దలు గమనింపదగిన సంగతి యొకటి యున్నది. కోరిక తరముతో వచ్చినట్లే తరముతో పోవచ్చును. తాతల నాటి బండ్లలో ఎంతో గౌరవము పొందినవి కొన్ని, వానిని ప్రేమించిన తరము తరిగిపోవుటతో నేడు మునుపటి వెలకు పోవుటలేదు. మరియు ఎగబ్రాకిన వెల ఎన్నటికిని దిగదని తలపరాదు. 1988లో ఎంజో ఫెరారీ మరణించిన వెనుక ఆయన బండ్లకై జనము ఎగబడిరి. అప్పుచేసి కొన్నవారును కలరు. 1990 తరువాత ఆ వెలలు కూలినవి. ఇందాక చెప్పిన జీటీఓయే కొన్ని యేండ్లలో సగమునకంటె తక్కువకు దిగజారినది. సొమ్మున్నవారు ఓపికపట్టి నిలిచిరి, అప్పున్నవారు అమ్ముకొనిరి.

మా పెద్దమనిషికి అన్నిటికంటె బాగుగా బోధపడినది కాగితముల సంగతి. పొలము కొనునపుడు మనము నేల సారము మాత్రమే చూతుమా? పట్టా యెవరిది, లింకు దస్తావేజులు తెగక యున్నవా, సర్వే నంబరు సరిపోయినదా యని చూతుము. పాతబండికిని అంతే. ప్రతి బండికి చట్రము మీద ఒక సంఖ్య, యంత్రము మీద ఒక సంఖ్య చెక్కియుండును. కర్మాగారమునుండి బయలుదేరిన నాడు ఏ యంత్రముతో బయలుదేరినదో కంపెనీ దప్తరములో ఉండును. అదే యంత్రము నేటికిని దానిలో నున్నచో వెల నిలుచును. యంత్రము మార్చినచో, మార్చినది ఎంత మంచిదైనను, వెల తగ్గును. మొదటి రంగేనా, ఢీకొన్నదా, ఇంతవరకు ఎవరెవరి చేతులు మారినది, ఏ యేట ఏ మరమ్మతు జరిగినది, రసీదులున్నవా, అన్నియు చూతురు. ఫెరారీవారు 2006లో ఇట్టి పాతబండ్లను పరీక్షించి ధ్రువపత్ర మిచ్చుటకు ప్రత్యేక శాఖనే పెట్టిరి. కారణము లేకపోలేదు. తక్కువ వెలగల ఫెరారీకి జీటీఓ తొడుగు తొడిగిన బండ్లు లోకమున కలవు. దొంగ దస్తావేజులు మన సీమకే పరిమితము కావని తెలిసి మా పెద్దమనిషికి కొంత ఊరట కలిగినట్లు కనబడెను.

తుప్పు సంగతి మరువరాదు. అమెరికా ఉత్తర రాష్ట్రములలో చలికాలమున దారులమీది మంచు కరుగుటకు ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పు బండి అడుగున చేరి ఇనుమును తినివేయును. పైన మెఱుగు, క్రింద డొల్ల. అందుచేత కాలిఫోర్నియా వంటి పొడి రాష్ట్రములలో పెరిగిన బండ్లకు గిరాకి ఎక్కువ.

ఇక ఖర్చు. దీనిని అమ్మువారు చెప్పరు. బండికి నీడ కావలయును. భీమా కట్టవలయును, అదియును సాధారణపు భీమా కాదు, ఇంత వెల యని ముందే ఒప్పుకొని వ్రాయించుకొన్నది కావలయును, లేనిచో ప్రమాదము జరిగిన నాడు కంపెనీవారు దానిని ముప్పదేండ్ల పాతబండిగా లెక్కగట్టుదురు. చక్రపు టైర్లు నడుపకున్నను వయస్సుచేతనే గట్టిపడి పనికిరాకపోవును. నడుపకుండ దాచినచో రబ్బరు ఎండి నూనె కారును. ఎక్కువ నడిపినచో మైళ్లు పెరిగి వెల తగ్గును. పనితెలిసిన మెకానిక్కులు ఏటేట తగ్గుచున్నారు; ఉన్నవారి కూలి పెరుగుచున్నది. బండి పంట పండింపదు, కౌలు తేదు, వడ్డీ కట్టదు. వెల పెరిగినచో పెరుగును. నడుమ తినుటకేమియు ఇయ్యదు. కాలువ క్రింది రెండెకరములు ఏటికి రెండు కారులు పండుచున్నవి. ఈ లెక్క మా పెద్దమనిషి నేను చెప్పకమునుపే వ్రేళ్లమీద వేసికొన్నారు.

ఇంతయు విన్న తరువాత ఆయన నా చేతనే కుమారునకు ఫోను చేయించినారు. నేను వానిని చిన్ననాడు లెక్కలు అప్పగింపు మన్నట్లే అడిగితిని. "ఒరే అబ్బాయీ, నీవు కొన్నదాని యంత్రపు సంఖ్య కంపెనీ కాగితముతో సరిపోయినదా?" సరిపోయినదని, తీసిన ఫోటోను పంపినాడు. మొదటి స్వంతదారు నాటినుండి రసీదులు ఉన్నవి. ఉప్పు తగలని రాష్ట్రమున పెరిగినది. గేరు చేతికఱ్ఱతో మార్చునది. వాడు మోసపోలేదని తండ్రికి చెప్పితిని. కొనినది తన సంపాదనతో, నడుపుకొనుటకు. అందులో తప్పు పట్టుటకు నాకేమియు కనబడలేదు.

"మరి రెండవ బండి సంగతి?" అంటిని. కొంచెము తటపటాయించి, దాని కాగితములు ఇంకను చూడలేదనెను. చూచి చెప్పు మంటిని. పదునైదు దినములకు వాడే ఫోను చేసినాడు. దాని యంత్రము నడుమ నెప్పుడో మార్చబడినదట. అమ్మువాడు ఆ మాట దాచినాడట. "పొలం సంగతి నాన్నగారితో ఎత్తకండి మాస్టారూ, నేనే మాట్లాడుకుంటాను" అనెను. నేను ఎత్తలేదు. ఇప్పటికా చేనిలో రెండవ కారు నాటులు పడినవి.

వచ్చు వేసవిలో తండ్రిని అమెరికా తీసికొనిపోయి ఆ బండిలో సముద్రతీరపు దారిని త్రిప్పెదనని వాడు చెప్పుచున్నాడు. మొన్న సాయంకాలము ఆయన మరల అరుగు మీదికి వచ్చి, "పంతులుగారూ, అది గాలితోనే చల్లబడే బండి అన్నారు గదా, మరి లోపల కూర్చున్నవాళ్లకు ఏసీ ఉంటుందా?" అని అడిగినారు. ఉండునని చెప్పితిని.

సెలవు.